ఆ నొప్పి ఎంతసేపు ఉంటుంది?

(నెల్లూరు జిల్లా కావలిలో విశ్రాంత ఉద్యోగులూ వారి కుటుంబ సభ్యులూ కలుసుకున్న ఒక సాయంకాల సమావేశంలో, ప్రభుత్వ సేవ నుంచి విరమించిన శస్త్రవైద్యుడొకరు చేసిన ప్రసంగ పాఠం)

పెద్దలకు, తల్లులకు, మిత్రులకు నమస్కారం.

ఇంతకు ముందు మీరు నన్ను పిలిచినప్పుడల్లా పిత్తాశయంలో రాళ్ల గురించో, షుగరు ఉన్నవారి కాలి పుండ్ల గురించో మాట్లాడమన్నారు, మాట్లాడాను. ఈసారి విషయం నన్నే ఎంచుకోనివ్వమని మీ కార్యదర్శి గారిని అడిగాను. ఏమిటో చెప్పగానే ఆయన ఫోనులో కాసేపు మౌనంగా ఉండి, "ఆడవాళ్లు కూడా వస్తారండీ" అన్నారు. ఆడవాళ్లు వస్తారనే ఎంచుకున్నానండీ అని చెప్పాను. నేను మాట్లాడబోయేది ఆసనం లోపల ఉన్నట్టుండి పుట్టి, మనిషిని మెలితిప్పి, కొద్ది నిమిషాల్లో జాడ లేకుండా పోయి, మళ్లీ ఏ నెలకో రెండు నెలలకో తిరిగి వచ్చే ఒక నొప్పి గురించి.

ముందు మాటల ఇబ్బంది తీర్చుకుందాం. ఆ చోటికి ఇంట్లో వాడే మాటను డాక్టరు ముందు అనడానికి నోరు రాదు. పాఠ్యపుస్తకాల్లో ఉండే పాయువు, పురీషనాళం అన్న మాటలు ఇంట్లో ఎవరికీ తెలియవు. అందువల్ల ఓపీలో చీటీ పట్టుకుని వచ్చినవారిలో చాలామంది "కింద నొప్పి సార్" అని ఆగిపోతారు. ఆ కింద అన్నది మోకాలో, మూత్రమో, గర్భసంచో డాక్టరు ఊహించుకోవాలి. వెనక ఇంకో నలభై మంది నిలబడి ఉంటారు కాబట్టి ఆ ఊహ ఒక్కోసారి తప్పుతుంది. ఈ పూట నేను ఆసనం అనే మాట వాడతాను. అది మర్యాదైన మాట, అందరికీ అర్థమయ్యే మాట. మీరూ అదే వాడండి.

అల్లూరు వైపు నుంచి నా దగ్గరకు వచ్చిన ఒక తల్లి ఈ నొప్పిని చెప్పినట్టు ఏ వైద్య గ్రంథమూ చెప్పలేదని నాకనిపిస్తుంది. నలభై దాటిన మనిషి. ఆమె మాటలు ఆమె మాటల్లోనే చెబుతాను. "నిద్రలో గడ్డపారతో పొడిచినట్టుంటాది సార్. దొడ్డికి పోవాలేమో అనుకుని లేచి పోతాను, ఏమీ రాదు. కూర్చోలేను, నిలబడలేను. ఇంట్లో వాళ్లు లేస్తారని కొంగు నోట్లో కుక్కుకుంటాను. చెమట కారిపోతాది. పది నిమిషాలకు వాన వెలిసినట్టు పోతాది. పొద్దున లేస్తే ఏమీ లేదు, నాకేనా రాత్రి నొప్పి వచ్చింది అనిపిస్తాది." ఇలా ఎన్నేళ్ల నుంచి అని అడిగితే పదకొండేళ్లు అన్నారు. ఆ పదకొండేళ్లలో ఒక్కసారి మాత్రం భర్తకు "గ్యాసు పట్టింది" అని చెప్పారట. మిగతా రాత్రులన్నీ బాత్‌రూం బండల మీద ఒంటరిగానే గడిచాయి. తనకు క్యాన్సరే వచ్చిందని, చిన్న పిల్ల పెళ్లి అయ్యేదాకా దాచాలని ఆమె నిశ్చయించుకున్నారు. నొప్పి ఆమెను ఏడాదికి మొత్తం కలిపి గంటో గంటన్నరో బాధించి ఉంటుంది. ఆ భయం మాత్రం పదకొండేళ్లపాటు రాత్రింబవళ్లు ఉంది.

ఈ నొప్పికి వైద్యంలో ప్రాక్టాల్జియా ఫ్యూగాక్స్ అని పేరు. మొదటి మాట గ్రీకుది, ఆసనం నొప్పి అని అర్థం. రెండోది లాటిన్‌ది, పారిపోయేది అని అర్థం. 1935లో థేసెన్ అనే డెన్మార్క్ వైద్యుడు లాన్సెట్ అనే వైద్య పత్రికలో రాస్తూ దీన్ని ఈ పేరుతో వర్ణించాడు. పేరు పెట్టి తొంభై ఏళ్లయినా మన మధ్య ఇది పేరు లేని జబ్బుగానే ఉంది. జనాభాలో నూటికి 4 నుంచి 18 మందిలో ఇది ఎప్పుడో ఒకప్పుడు కనిపిస్తుందని వేర్వేరు దేశాల పరిశీలనల అంచనా. అంటే ఈ హాల్లో కూర్చున్నవారిలో కొందరు నేను చెబుతున్నది విని తలదించుకుని ఉంటారని నాకు తెలుసు. ఈ నొప్పి వచ్చినవారిలో ఐదుగురికి ఒకరు కూడా డాక్టరు దగ్గర నోరు విప్పరు. ఎక్కువగా ముప్పై, అరవై ఏళ్ల మధ్య మొదలవుతుంది, మగవారికంటే ఆడవారిలో కొంచెం ఎక్కువ. సగం మందికి ఏడాదిలో ఐదుసార్లకు మించి రాదు. రాత్రి నిద్రలో రావచ్చు, పగలూ రావచ్చు.

ఇది ఎందుకు వస్తుందో అర్థం కావాలంటే ఆసనం కట్టుబడి కొంచెం తెలియాలి. మలద్వారం గొట్టం నాలుగు సెంటీమీటర్ల పొడవుంటుంది. దాని చుట్టూ ఉంగరాల్లాగా రెండు కండరాలుంటాయి. బయటి ఉంగరం మన మాట వింటుంది. బస్సులో ఉన్నప్పుడు విరేచనం వస్తే బిగబట్టుకునేది దానితోనే. లోపలి ఉంగరం మన మాట వినదు. అది పేగు గోడలో భాగం, మనం నిద్రపోయినా మెలకువగా ఉన్నా తన పని తాను చేసుకుపోతూ, మనకు తెలియకుండానే ద్వారాన్ని మూసి ఉంచుతుంది. ఈ రెంటికీ కాస్త పైన, పురీషనాళాన్ని, అంటే పేగు చివరి భాగాన్ని, ఉట్టిలో పెట్టినట్టు మోసే కండరాల పలక ఒకటి ఉంది. అర్ధరాత్రి పిక్క పట్టేయడం మీలో అందరూ ఎరిగిందే. కండరం రాయిలా గట్టిపడి, కాలు చాపి బొటనవేలు వెనక్కి లాగేదాకా ప్రాణం తీస్తుంది. ఆసనంలోని కండరాలు కూడా అలాగే పట్టేస్తాయి. మనం మాట్లాడుకుంటున్న నొప్పి చాలావరకు అదే. పిక్కను చేత్తో పట్టుకుని సాగదీసుకుంటాం, ఇక్కడ చెయ్యి పెట్టే వీలు లేదు, కండరం మాట వినదు, అందుకే అంత నిస్సహాయంగా ఉంటుంది. ఏ కండరం, ఎందుకు ఆ రాత్రే పట్టేసింది అన్నదాన్ని వైద్యశాస్త్రం పూర్తిగా తేల్చలేదు. మనసులో ఒత్తిడి, ఆందోళన, మలబద్ధకం, కొందరికి నెలసరి, కొందరికి భార్యాభర్తల కలయిక తర్వాత రావడం గమనించారు. కొందరికి ఏ కారణమూ కనిపించదు.

ఇక్కడ నా వృత్తి జీవితంలో నేను చేసిన ఒక తప్పు చెప్పాలి. ప్రకాశం జిల్లాలో ఒక ప్రభుత్వాసుపత్రిలో పనిచేసే రోజుల్లో కనిగిరి ప్రాంతం నుంచి ఒక ఉపాధ్యాయుడు వచ్చారు. ఆసనంలో భరించలేని నొప్పి అన్నారు. పరీక్ష చేశాను, లోపల మొలలు కనిపించాయి. నొప్పి ఉంది, మొలలు ఉన్నాయి, కాబట్టి మొలలవల్లే నొప్పి అని తేల్చేసి ఆపరేషన్ చేశాను. ఆపరేషన్‌కు ఏ లోపమూ లేదు, పుండు చక్కగా మానింది. నాలుగో నెలలో ఆయన మళ్లీ వచ్చి, కుర్చీలో కూర్చోకుండా నిలబడే, "మొలలు పోయాయి సార్, నొప్పి పోలేదు" అన్నారు. ఆ మాటలో నిష్ఠూరం లేదు. నన్ను సంతోషపెట్టలేకపోయానే అన్నట్టు నెమ్మదిగా చెప్పారు. అప్పుడు ఆయన్ను కూర్చోబెట్టి, మొదటి రోజే అడగాల్సిన ప్రశ్న అడిగాను. ఎంతసేపు ఉంటుంది మాస్టారూ? "ఐదు నిమిషాలు, మహా అయితే పావుగంట" అన్నారు. విరేచనానికీ దానికీ సంబంధం ఉందా? లేదు. మధ్యలో ఏమైనా ఉంటుందా? ఏమీ ఉండదు. ఆయన నొప్పికీ ఆయన మొలలకూ ఏ సంబంధమూ లేదని ఆ మూడు జవాబుల్లోనే ఉంది. ఆ ప్రశ్నలు అడగడానికి రెండు నిమిషాలు చాలు. నేను అడగనందుకు ఆయన ఒక ఆపరేషన్ చేయించుకున్నారు, మూడు వారాలు సెలవు పెట్టారు.

మన ప్రాంతంలో ఆసనం దగ్గర ఏది వచ్చినా మొలలే అనుకోవడం ఎంత బలంగా నాటుకుపోయిందంటే, డాక్టరునైన నేనే దానికి లోబడ్డాను. లోపలి మొలలు మామూలుగా నొప్పి పెట్టవు. మలద్వారం గొట్టం మధ్యలో ఒక గీత ఉంటుంది, దానికి పైన ఉండే పొరకు మన చర్మానికి ఉన్నట్టు నొప్పి తెలియదు, లోపలి మొలలు పుట్టేది అక్కడే. అవి రక్తం కారుస్తాయి, బయటికి జారతాయి, దురద పెడతాయి. గీతకు కింద ఉన్న బయటి మొలలో రక్తం గడ్డకట్టినప్పుడు మాత్రం విపరీతమైన నొప్పి ఉంటుంది, అదీ రోజుల తరబడి ఉంటుంది, వేలితో తడిమితే గోళీలా గడ్డ తెలుస్తుంది. కాబట్టి అర్ధరాత్రి వచ్చి పది నిమిషాల్లో పోయే నొప్పికి మొలల మందు వాడటం దండగ. ఊళ్లో గోడల మీద, కరెంటు స్తంభాల మీద ఆపరేషన్ లేకుండా మూలశంకకు చికిత్స అని రాసి ఉండే చోట్లకు వెళ్లడం దండగ మాత్రమే కాదు, ప్రమాదం. అక్కడ ఏ మందో తెలియని ఇంజక్షను వేస్తారు, కాల్చే మందు పూస్తారు. అలా కాలిపోయి ఆసనం సన్నబడి పెన్సిలు దూరనంతగా మూసుకుపోయినవారికీ, బిగింపు పూర్తిగా పోయి మలం ఆపుకోలేని స్థితికి వచ్చినవారికీ నేను ఆపరేషన్లు చేశాను. అర్హత ఉన్న ఆయుర్వేద వైద్యులు భగందరానికి, అంటే ఆసనం పక్కన చీము దారి పడే జబ్బుకు, మందు పూసిన దారంతో చేసే క్షారసూత్ర చికిత్స వేరు, దాని గురించి నేనిలా అనడం లేదు.

సరే, మరి మీకు వచ్చే నొప్పి ఇదేనా, ఇంకేదైనానా అన్నది ఎలా తెలుస్తుంది? గడియారమే మొదట చెబుతుంది. పేగుల జబ్బులకు ప్రపంచమంతటా వాడే రోమ్ ప్రమాణాల నాలుగో కూర్పు 2016లో వచ్చింది. వాటి ప్రకారం ఈ నొప్పి కొన్ని క్షణాల నుంచి అరగంట లోపు ఉంటుంది, విరేచనంతో సంబంధం ఉండదు, ఒకసారికీ మరోసారికీ మధ్య ఆసనంలో ఏ బాధా ఉండదు, పరీక్షలో వేరే కారణం దొరకదు. ఈ నాలుగింట్లో ఏ ఒక్కటి తప్పినా డాక్టరు ఇంకోవైపు ఆలోచించాలి.

విరేచనం అవుతుండగా గాజుపెంకుతో కోసినట్టుండి, ఆ తర్వాత గంటల తరబడి మంటపెడితే, కాగితానికో నీళ్లకో ఎర్రటి రక్తం అంటితే అది ఆసనంలో చీలిక, మనవాళ్లు ఫిషరు అనేది. గట్టి మలం వల్ల వస్తుంది, మందులకు చాలావరకు తగ్గుతుంది. కూర్చుంటే వెన్ను చివరి ఎముక దగ్గర నొప్పి, అక్కడ వేలు పెడితే ప్రాణం పోవడం అయితే ఆ ఎముక నొప్పి, జారిపడిన వాళ్లలో చూస్తాం. ఇవి త్వరగానే తేలిపోతాయి.

తేలకుండా చాలాకాలం వేధించేది ఇంకొకటుంది. అది పొడుపు కాదు, బరువుగా లాగుతున్నట్టు, లోపల ఏదో బంతి ఇరుక్కున్నట్టు ఉంటుంది. అరగంట దాటి గంటలూ ఉంటుంది, కూర్చుంటే ఎక్కువవుతుంది, పడుకుంటే కొంత తగ్గుతుంది. ఇందాక ఉట్టి అన్నానే, ఆ కండరాల పలక ఎప్పుడూ బిగుసుకుని ఉండడం వల్ల వచ్చే నొప్పి ఇది, లెవేటర్ నొప్పి అంటారు. జాతీయ రహదారి మీద రాత్రింబవళ్లు లారీ నడిపేవారిలో, పొద్దస్తమానం కుర్చీ దిగని గుమాస్తాల్లో నేను దీన్ని చూశాను. దీనికి పనికొచ్చే చికిత్స బయోఫీడ్‌బ్యాక్. ఆసనంలో ఒక చిన్న పరికరం ఉంచి, కండరం ఎంత బిగుసుకుందో తెర మీద రోగికే చూపించి, దాన్ని వదులు చేయడం నేర్పుతారు. 2010లో ఇటలీ వైద్యులు ప్రచురించిన 157 మంది పరీక్షలో, వేలితో నొక్కినప్పుడు కండరం నొప్పిపెట్టిన రోగుల్లో, ఈ శిక్షణ పొందినవారిలో నూటికి 87 మందికి తగినంత ఉపశమనం దొరికింది. ఆ కండరానికి మర్దన చేయించుకున్నవారిలో నూటికి 22 మందికే దొరికింది. మన చిన్న ఊళ్లలో ఈ శిక్షణ దొరకదు, పెద్ద నగరాల్లోని పేగుల వ్యాధుల విభాగాల్లో అడగాలి. కానీ ఆ పేరు తెలిస్తే అడగగలుగుతారు కదా.

ఇక భయపడాల్సింది. ఇక్కడ నేను కాస్త గట్టిగా చెబుతాను. నొప్పి వచ్చిపోకుండా ఒకేచోట నిలిచి, గుండె కొట్టుకున్నట్టు సలుపుతూ, గంటగంటకూ పెరుగుతూ, దానికి జ్వరం కూడా తోడైతే లోపల చీము పడుతోందని అర్థం. షుగరు ఉన్నవారికి ఇది రెండు మూడు రోజుల్లో చుట్టుపక్కల కండ అంతా కుళ్లిపోయేదాకా వెళుతుంది, ప్రాణం మీదికి వస్తుంది. మందులషాపులో యాంటీబయాటిక్ బిళ్లలు కొనుక్కుని ఆదివారం పోనిద్దాం అనుకోకూడదు, చీము పడితే దాన్ని కోసి తీయాల్సిందే. అలాగే, ఆసనం చుట్టూ, తొడల లోపలి వైపు మొద్దుబారి, మూత్రం రాకుండా ఆగిపోతే వెన్నుపూస దగ్గర నరాలు నలుగుతున్నాయి, అదే రోజు పెద్దాసుపత్రికి పోవాలి. రక్తం పడటం, కారణం లేకుండా బరువు తగ్గడం, ఎప్పుడూ ఉండే విరేచనం తీరు వారాల తరబడి మారిపోవడం, నలభై ఐదు దాటాక మొదటిసారి ఇలాంటి బాధ కనిపించడం, ఇవి ఉన్నవారు పెద్దపేగు లోపల కెమెరాతో చూపించుకోవాలి. పేగు చివర వచ్చే క్యాన్సర్‌ను మొలలని ఏడాదిపాటు మందు వాడి, తర్వాత మా దగ్గరకు వచ్చినవారిని తలుచుకుంటే ఇప్పటికీ నాకు బాధగా ఉంటుంది.

పరీక్ష అంటే భయపడి రానివారు చాలామంది. ఆ గదిలో ఏం జరుగుతుందో చెబితే సగం భయం పోతుంది. ఎడమవైపు తిరిగి, మోకాళ్లు కడుపులోకి ముడుచుకుని పడుకోమంటారు. నడుము నుంచి దుప్పటి కప్పుతారు. ఆడవారి దగ్గర నర్సమ్మ తప్పక ఉండాలి, లేకపోతే పిలవమని అడిగే హక్కు మీకుంది. డాక్టరు చేతికి తొడుగు వేసుకుని, జిగురు మందు రాసి, ముందు బయట చూస్తారు, తర్వాత ఒక వేలు లోపలికి పోనిచ్చి చుట్టూ తడిమి చూస్తారు. ఆ సమయంలో నోరు తెరిచి నెమ్మదిగా ఊపిరి వదిలితే కండరం వదులవుతుంది. నిమిషం పట్టదు. అవసరమైతే బొటనవేలంత చిన్న గొట్టంతో లోపల చూస్తారు. నొప్పి లేని రోజున వెళ్తే ఏం కనిపిస్తుందని చాలామంది అడుగుతారు. ఏమీ కనిపించకపోవడమే మనకు కావలసింది. చీలిక లేదు, గడ్డ లేదు, చీము లేదు అని ఒక చేయి తడిమి చెప్పిన తర్వాతే ఈ నొప్పికి ఆ పారిపోయే నొప్పి అన్న పేరు పెట్టాలి.

ఆ పేరు పెట్టాక చికిత్సలో మొదటిది ఆ పేరును రోగికి వివరంగా చెప్పడమే. ఇది క్యాన్సర్ కాదు, క్యాన్సర్‌గా మారదు, పేగును పాడుచేయదు. అల్లూరు తల్లికి ఈ మాట చెప్పినప్పుడు ఆమె చాలాసేపు ఏడ్చారు, తర్వాత నవ్వారు. మందు రాయమని కూడా అడగలేదు.

నొప్పి వచ్చిన ఆ పది నిమిషాల్లో ఏం చేయాలి అన్నది అందరూ అడిగేది. లేవగానే గడియారం చూడండి. వచ్చింది ఎప్పుడో తెలిస్తే పోయేది ఎప్పుడో మనసుకు తెలుస్తుంది. విరేచనం కోసం బలవంతంగా ముక్కకండి, అది కండరాన్ని ఇంకా బిగిస్తుంది. మోకాళ్లు కడుపులోకి ముడుచుకుని పక్కకు పడుకోవడమో, గొంతుక్కూర్చోవడమో చేసి, ముక్కుతో పీల్చి నోటితో నెమ్మదిగా వదలండి. కొందరికి గట్టి బల్ల అంచున కూర్చుని కింద నుంచి ఒత్తిడి పెట్టుకుంటే తగ్గుతుంది, ఆ కనిగిరి మాస్టారు చుట్టిన తువ్వాలు మీద కూర్చునేవారు. గోరువెచ్చని నీళ్లలో కూర్చోవడం మంచిది, 40 డిగ్రీల దగ్గర, అంటే చెయ్యి పెడితే హాయిగా ఉండేంత వేడి. వెడల్పాటి ప్లాస్టిక్ టబ్బులో ఆసనం మునిగేలా పదీ పదిహేను నిమిషాలు కూర్చోవాలి. నీళ్లు కాగేలోపే నొప్పి పోతుందని మీరనవచ్చు, నిజమే, అందుకే తరచుగా వచ్చేవారు రాత్రి ఒక ఫ్లాస్కులో వేడినీళ్లు పెట్టుకుంటే సరిపోతుంది. షుగరు వల్ల ఒంటికి వేడి సరిగా తెలియనివారు మాత్రం ఇంట్లో ఇంకొకరి మోచేతితో నీళ్లు చూపించుకున్నాకే కూర్చోండి.

నొప్పి బిళ్లలు దీనికి పనికిరావు. బిళ్ల కరిగి రక్తంలోకి చేరేసరికి అరగంట పడుతుంది, అప్పటికి నొప్పి దానంతటదే వెళ్లిపోయి ఉంటుంది, పేరు మాత్రం బిళ్లకు వస్తుంది. అలా నమ్మి డైక్లోఫెనాక్ బిళ్లలు ఏళ్ల తరబడి మింగి మూత్రపిండాలు చెడగొట్టుకున్నవారున్నారు.

అరుదుగా, నొప్పి మరీ తరచుగా వచ్చేవారికీ, ఇరవై నిమిషాలు దాటేవారికీ మందులున్నాయి. ఉబ్బసానికి పీల్చే సాల్బుటమాల్ ఉంది కదా, ఊపిరి గొట్టాల కండరాన్ని అది ఎలా వదులు చేస్తుందో ఈ కండరాన్నీ అలాగే చేస్తుందన్న ఆలోచనతో జర్మనీ వైద్యులు 18 మంది మీద చేసి, 1996లో ప్రచురించిన పరీక్షలో, తీవ్రమైన నొప్పి ఉండే సమయం ఆ మందుతో తగ్గింది. పరీక్ష చిన్నది, కానీ ఈ జబ్బులో అలాంటి పద్ధతైన పరీక్షలే అరుదు. గుండె దడ ఉన్నవారు డాక్టరు చెప్పకుండా దాన్ని ముట్టుకోకూడదు. ఆసనం అంచున రాసే డిల్టియాజెం, నైట్రోగ్లిజరిన్ పూతమందులు కూడా కండరాన్ని వదులు చేస్తాయి. నైట్రోగ్లిజరిన్ తలనొప్పి తెస్తుంది. మగతనం కోసం సిల్డెనాఫిల్ వాడేవారు దాన్ని రాసుకుంటే రక్తపోటు ప్రమాదకరంగా పడిపోతుంది, ఆ సంగతి సిగ్గుపడి డాక్టరు దగ్గర దాచకండి.

మలబద్ధకం ఉన్నవారు దాన్ని సరిచేసుకుంటే నొప్పి రావడం తగ్గవచ్చు. లేనివారికి పీచు తిన్నంత మాత్రాన ఈ నొప్పి ఆగుతుందని నేను మాట ఇవ్వలేను. మన తాతలు దర్శి, కనిగిరి మెట్ట ఊళ్లలో సజ్జ సంగటి, కొర్రన్నం, మునగాకు తిన్నారు. మనం పాలిష్ పట్టిన సన్నబియ్యం మూడు పూటలా తింటున్నాం, ఎండాకాలంలో ఒంట్లో నీళ్లన్నీ చెమటగా పోతాయి. ఉదయం లేచాక వచ్చే విరేచనాన్ని ఆపుకోకుండా, సెల్‌ఫోను పట్టుకుని అరగంట కూర్చోకుండా ఉంటే ఫిషరూ, మొలలూ రెండూ తగ్గుతాయి. ఇక "వేడి చేసింది" అన్న మాట. సబ్జా గింజలు, మజ్జిగ తాగండి, మంచివే. కానీ వేడి చేసిందని మనకు మనమే చెప్పుకుని పరీక్షకు వెళ్లకుండా ఉండకండి.

అల్లూరు తల్లికి నేను చెప్పిన పని ఒకటే, వంటింట్లో తెలుగు క్యాలెండర్ ఉంది కదా, నొప్పి వచ్చిన తేదీ గడిలో పెన్సిలుతో చిన్న చుక్క పెట్టి, ఎన్ని నిమిషాలో పక్కన రాయమన్నాను. అమావాస్యకు వస్తుందని ఆమె నమ్మకం, అది కూడా తేలిపోతుంది అన్నాను. ఏడాది తిరిగాక ఆ క్యాలెండర్ చుట్టచుట్టి సంచిలో పెట్టుకుని తెచ్చారు. పాల లెక్క, గ్యాసు బండ వచ్చిన తేదీ, మధ్య మధ్య నా చుక్కలు. మొత్తం ఏడు. అమావాస్య గడిలో ఒక్కటీ లేదు. రెండు మాత్రం పక్కపక్క వారాల్లో ఉన్నాయి. ఆమె వాటిమీద వేలు పెట్టి, "రొయ్యల గుంటకు జబ్బు తగిలి పంట పోయిన నెల సార్ ఇది" అన్నారు. నిమిషాలు చూస్తే ఆరు, నాలుగు, పన్నెండు, ఎనిమిది, ఇలా ఉన్నాయి. పన్నెండు దాటింది ఒక్కటీ లేదు. అంతకుముందు అడిగితే అరగంట, ముప్పావుగంట అని చెప్పేవారు. చీకట్లో ఒంటరిగా పడ్డ నొప్పికి కాలం అలాగే సాగుతుంది, ఆమె అబద్ధం చెప్పలేదు.

మొదట్లో పేరు రాయకుండా చీటీలు ఇవ్వమన్నాను, మూడు వచ్చాయి. ఒకరు ఇది భార్యాభర్తల మధ్య అంటుకునేదా అని అడిగారు. అంటుకోదు. ఇంకొకరు తొమ్మిదేళ్ల మనవడికి ఇలాంటి నొప్పి వస్తోందని రాశారు. పిల్లల్లో నులిపురుగులు, మలబద్ధకం ముందు చూడాలి, పెద్దల జబ్బు పేరు పిల్లవాడికి పెట్టకుండా పిల్లల వైద్యుడికి చూపించండి.

మూడో చీటీలో అక్షరాలు వణుకుతున్నాయి. "నాకు డెబ్బై ఒకటి. పద్నాలుగేళ్లుగా ఉంది. ఎవరికీ చెప్పలేదు. ఇప్పుడు చూపించుకోవాలా?" చూపించుకోవాలండీ. పద్నాలుగేళ్లుగా ఒకే తీరుగా వచ్చి పోతోందంటే ప్రాణాపాయం కాదన్నది దాదాపు ఖాయం. అయినా మీ వయసుకు ఒకసారి పేగు లోపల చూపించుకోవడం అవసరం, పద్నాలుగేళ్ల పాత నొప్పి పక్కన కొత్తది ఏదైనా వచ్చి చేరిందేమో చూడాలి. డాక్టరు ముందు మాట రాదేమోనని భయమైతే ఒక కాగితం మీద ఇలా రాసుకుని అందించండి: "ఆసనం లోపల ఉన్నట్టుండి నొప్పి వస్తుంది, ఇన్ని నిమిషాలు ఉంటుంది, ఏడాదికి ఇన్నిసార్లు వస్తుంది, మధ్యలో ఏమీ ఉండదు, రక్తం పడుతోంది లేదా పడటం లేదు." ఆ ఖాళీలు మీరు నింపితే చాలు.